కార్తీక పౌర్ణమి నాడు అమ్మ 70వ పుట్టినరోజు, అన్నవరం వెళ్లగలమా?

అమ్మ పుట్టింది కార్తీక పౌర్ణమి నాడు. ఆధార్‌లో మాత్రం జూలై 1 అని ఉంటుంది, ఆ తేదీని ఆవిడ పుట్టినరోజని ఒప్పుకోదు. ఈసారి 70 నిండుతున్నాయి. అన్నయ్యవాళ్లు డల్లాస్ నుంచి, అక్క హైదరాబాద్ నుంచి రాజమండ్రి వస్తున్నారు. పిల్లలతో కలిపి పదకొండు మందిమి.

కేక్ అంటే "ఊదితే దీపం ఆర్పినట్టే కదే" అంటుంది. కోరిక ఒక్కటే, అందరితో కలిసి అన్నవరంలో సత్యనారాయణ వ్రతం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. పైగా ఆ రోజే గిరి ప్రదక్షిణ, కొండంతా జనమే. ఘాట్ రోడ్డులో కారు పైదాకా వెళ్లనిస్తారా? లేక ముందురోజే వెళ్లి వ్రతం చేయించుకుని, పౌర్ణమి ఇంట్లో జరుపుకోవడం మేలా? ఆ రద్దీలో పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు కాస్త చెప్పండి.

ఇంకో టెన్షన్. కొడుకు వస్తున్నాడని ఇప్పటి నుంచే మినపసున్ని ఉండలకి పప్పు వేయిస్తోంది, స్టవ్ పక్కన స్టూల్ వేసుకుని మరీ. వంటమనిషిని పెడదామంటే అలుగుతోంది. ఆవిడ మనసు నొచ్చుకోకుండా ఆ రెండు రోజులూ వంటింటికి దూరంగా ఉంచే ఉపాయం ఎవరి దగ్గరైనా ఉందా?