డీవీడీ మైనస్ ఆర్, ప్లస్ ఆర్: పాత ప్లేయర్‌కు ఏది కొనాలి?

ప్రశ్న:
మా నాన్నగారి షష్టిపూర్తి వీడియోను క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఊళ్లో ఉన్న అమ్మకు డిస్క్ మీద బర్న్ చేసి ఇచ్చాను. అవసరమైతే చెరిపి మళ్లీ రాసుకోవచ్చన్న ఆశతో డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ కొన్నాను. నా కంప్యూటర్‌లో చక్కగా ఆడుతున్న ఆ డిస్క్‌ను అమ్మ దగ్గరున్న పాత ప్లేయర్‌లో పెడితే కాసేపు గిరగిరా తిరిగి, "నో డిస్క్" అని చూపిస్తోంది. దుకాణదారు ఒక్కసారే రాయగల మైనస్ ఆర్ తీసుకోమంటున్నారు. మైనస్ అంటే నాసిరకం కాదు కదా? పెట్టె మీద 4.7 జీబీ అని ఉంటే కంప్యూటర్ 4.38 అనే చూపడం ఏమిటి?

జవాబు 1:
నాసిరకం కాదండీ. అసలు ఆ గీత మొదట్లో మైనస్ కాదు, పేరులోని హైఫన్ మాత్రమే. 1997లో పయొనీర్ సంస్థ తెచ్చిన ఆ డిస్క్‌కు పోటీగా సోనీ, ఫిలిప్స్ తదితర సంస్థల కూటమి ప్లస్ రకాన్ని తెచ్చిన తరువాతే జనం దాన్ని మైనస్ అనసాగారు. రెండింటిలోనూ లేజర్ రంగుపొరనే కాల్చి గుర్తులు పెడుతుంది. లేజర్‌కు దారి చూపే గాడిలో చిరునామాలు రాసి ఉంచే పద్ధతి మాత్రమే వేరు.

మీ చిక్కు ప్లస్‌లో కంటే ఆర్‌డబ్ల్యూలో ఉందని నా అనుమానం. అందులో రంగుపొరకు బదులు, వేడికి స్థితి మార్చుకునే లోహమిశ్రమం ఉంటుంది. డిస్క్‌ను వెలుతురులో వంచి చూడండి: ఆర్ డిస్క్ అడుగు ఊదారంగులో మెరుస్తుంది, ఆర్‌డబ్ల్యూ మసకబారిన అద్దంలా బూడిదరంగులో ఉంటుంది. ఈ మిశ్రమం వెనక్కి పంపే వెలుతురు బాగా తక్కువ కాబట్టి, దీన్ని ఎరగని పాత ప్లేయర్లు లోపల డిస్కే లేదనుకుంటాయి. సుమారు వెయ్యిసార్లు తిరగరాసుకునే సౌకర్యం మీకెలాగూ అక్కర్లేదు కనుక మైనస్ ఆర్ తీసుకోండి.

4.7లో మోసం లేదు. తయారీదారు వంద కోట్ల బైట్లను ఒక జీబీగా లెక్కిస్తారు, కంప్యూటర్ 1024ల లెక్కన భాగిస్తుంది.

జవాబు 2:
పై మిత్రులు చెప్పినదానికి ఒక చేర్పు. కొన్ని డ్రైవ్‌లలో ప్లస్ డిస్క్ బుక్ టైప్‌ను, అంటే డిస్క్ ఏ రకమో ప్లేయర్‌కు చెప్పే గుర్తును, డీవీడీ రామ్‌గా మార్చి రాయవచ్చు. అప్పుడు దాన్ని కంపెనీలో అచ్చువేసిన డిస్క్ అనుకొని చదివే పాత ప్లేయర్లు ఉన్నాయి. ఇక్కడ రామ్ అంటే "రీడ్ ఓన్లీ" రామ్ సుమండీ, కార్ట్రిడ్జిలో పెట్టి అమ్మిన తిరగరాసే డీవీడీ ర్యామ్ వేరే జాతి. మైనస్ రకానికి ఈ వెసులుబాటు లేదు.

ఎంపీ4 ఫైలును ఉన్నదున్నట్టు డేటాగా రాయకుండా, డీవీడీ వీడియోగా మార్చి, చివర ఫైనలైజ్ చేయడం, అంటే ఇతర ప్లేయర్లు చదవగలిగేలా డిస్క్‌ను ముగించడం, మరువకండి. 8.5 జీబీ రెండు పొరల డిస్క్ జోలికి వెళ్లకుండా, వీడియో పెద్దదైతే రెండు మామూలు డిస్క్‌ల మీద రాయడం మేలు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మైనస్ ఆర్ మీద 4ఎక్స్ వేగంతో రాసి, ఫైనలైజ్ చేసి తీసుకెళితే అదే ప్లేయర్‌లో ఆడింది. రాసిన మేర ఊదారంగు కాస్త మారి, వలయంలా కనబడుతోంది. మిగిలిన ఆర్‌డబ్ల్యూ డిస్క్‌లను, అసలు డిస్క్ మీద రాసేముందు మెనూ సరిచూసుకోవడానికి వాడుతున్నాను.