ఛాసిస్ ఒకటి, బాడీలు రెండు: ఫియట్ 8వీ జాబితాలో ఏ గడిలో రాయాలి?

దస్తావేజు
ఇటలీ స్పోర్ట్స్ కారు ఫియట్ 8వీల జాబితా కడుతుంటే లెక్క కుదరడం లేదు. 1952 మార్చిలో జెనీవా షోలో చూపించి 1954లో ఆపేసేలోపు వేసిన ఛాసిస్‌లు 114. 1,996 సీసీ, 70 డిగ్రీల వీ8 ఇంజిన్, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్. వీ8 అన్న పేరు మీద హక్కు ఫోర్డుదనుకుని దాన్ని తిరగేసి 8వీ అన్నారు. కొన్ని కార్లు ఫాబియో రాపీ గీసిన ఫ్యాక్టరీ బాడీతో బయటికొచ్చాయి. మిగతా ఛాసిస్‌లు జగాటో, విన్యాలే, గియా, సియాటా లాంటి బాడీ కట్టే షాపులకు వెళ్లాయి.

చిక్కు జగాటో దగ్గర. మొదట్లో వాళ్లు ఫియట్ బాడీతో ఉన్న కార్లనే తీసుకుని మార్చారు. ఆ తర్వాత పూర్తిగా తమ బాడీలే కట్టారు. అందుకని ఒకే కారు ఫ్యాక్టరీ గడిలోనూ ఉంటోంది, జగాటో గడిలోనూ ఉంటోంది. షాపులవారీగా కూడితే మొత్తం 114 దాటిపోతోంది. ఇలాంటి కారును పుట్టినప్పటి బాడీ కింద రాయాలా, ఇప్పుడున్న బాడీ కింద రాయాలా?

ఛాసిస్‌పట్టు
ఇందులో తేల్చడానికేముందండీ? విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టించడం చూసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. కంపెనీ ఛాసిస్ ఇస్తుంది, బాడీ బయట కట్టిస్తారు, పదేళ్లకు కుళ్లిపోతే ఇంకోటి కట్టిస్తారు. ఆర్‌సీ మాత్రం ఛాసిస్ నంబర్ మీదే నడుస్తుంది. 8వీకి ఛాసిస్ నంబర్ 106తో మొదలవుతుంది, ఇంజిన్ నంబర్ 104తో. 106 వరుస పట్టుకుంటే 114 వరుసలు వస్తాయి, అంతకు ఒక్కటి ఎక్కువ రాదు. బాడీ పేరు పక్కన వివరంగా రాసుకోండి.

ఒక జాగ్రత్త. 106 వెనకున్న అంకెలూ 104 వెనకున్న అంకెలూ ఒకటి కావు. అవి రెండు వేరు వరుసలు. "నంబర్లు కలవలేదు, ఇంజిన్ మార్చేశారు" అని ఫెరారీ అలవాటుతో (పాత ఫెరారీల్లో ఆ రెండు నంబర్లూ ఒకటే) తీర్పు చెప్పేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఏ ఛాసిస్‌లో ఏ ఇంజిన్ పెట్టారో ఫ్యాక్టరీ రికార్డులో చూశాకే ఆ మాట అనాలి.

రేకుపని
లారీకి ఆ లెక్క చాలు. జగాటో బాడీ కోసం వెతికేవాడికి చాలదు. ఉత్పత్తి చరిత్ర అంటే ఫియట్ చరిత్ర ఒక్కటే కాదు, ఆ షాపులు ఏం చేశాయో చెప్పేది కూడా. ఛాసిస్ గడి ఒక్కటే పెడితే షాపుల పనంతా ఫుట్‌నోట్ అయిపోతుంది.

పైగా నంబర్ అన్నది ఒక చిన్న ఇనుప ముక్క మీద పంచ్ చేసిన కొన్ని అంకెలే. కోసి ఇంకో ఛాసిస్ గొట్టానికి అతికించొచ్చు. ఒక బాడీ మొత్తాన్ని దొంగ సాక్ష్యంగా నిలబెట్టడం అంతకన్నా చాలా కష్టం. చూడాల్సింది పెయింటు వేసిన వైపు కాదు, లోపలి వైపు. డోర్ ప్యాడ్ విప్పితే దాని వెనక, బానెట్ అడుగు పట్టీ మీద, కీళ్ల మీద, డాష్‌బోర్డు వెనక షాపువాళ్ల పని నంబర్ సుద్దతోనో మైనపు పెన్సిల్‌తోనో రాసి ఉంటుంది, లేదా పంచ్ చేసి ఉంటుంది. ఎడమ తలుపు మీద ఒక నంబరు, బానెట్ మీద ఇంకోటి ఉంటే బానెట్ వేరే కారుది. అన్నిటి మీదా ఒకటే ఉండి, అది ఛాసిస్ రికార్డుతో కలవకపోతే, బాడీయే వేరే కారుది.

తర్వాత వెల్డింగ్. ఆ రోజుల్లో అల్యూమినియం రేకును ఆక్సీ-ఎసిటిలీన్ గ్యాస్‌తో, ఫ్లక్స్ (అతుకు పట్టేందుకు రాసే రసాయనం) పూసి అతికేవారు. అతుకు మెత్తగా ఉంటుంది కాబట్టి సుత్తితో కొట్టి చదును చేసేవారు, లోపలి వైపు వెడల్పాటి సుత్తి మచ్చలు కనిపిస్తాయి. తర్వాతి కాలపు ఆర్గాన్ వెల్డింగ్ అయితే అతుకు సన్నగా, గట్టిగా, చిన్న చిన్న అలలుగా ఉంటుంది. ఒకచోట ఆర్గాన్ ఉంటే రిపేరు. ప్రతి అతుకూ ఆర్గానే అయితే బాడీ కొత్తది. ఫ్లక్స్ సరిగ్గా కడగని పాత అతుకుల వెంట తెల్లటి బూడిద లాంటి తుప్పు లేస్తుంది. దాన్ని చూసి విసుక్కోకండి, అది వయసు సాక్ష్యం.

ఇంకోటి. చేత్తో కొట్టిన బాడీ కుడి ఎడమలు సమానంగా ఉండవు. చక్రం అంచు నుంచి తలుపు అంచు దాకా రెండు వైపులా టేపు పెడితే సెంటీమీటరు తేడా రావడం మామూలే. మిల్లీమీటరు కూడా తేడా రాకపోతే నాకు అనుమానం వస్తుంది.

లింకుడాక్యుమెంట్
ఇద్దరూ ఇనుమూ రేకూ పట్టుకుని కూర్చున్నారు, కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇటలీలో 1927 నుంచి పీఆర్ఏ అని వాహనాల రిజిస్టర్ ఉంది, ఆటోమొబైల్ క్లబ్ నడుపుతుంది. అందులోంచి తీసే ఎస్త్రాత్తో క్రోనోలోజికో మన భూముల ఈసీ లాంటిది: ఆ నంబర్ ప్లేటు మీద కారు ఎవరి దగ్గర్నుంచి ఎవరికి, ఏ తేదీన మారిందో వరసగా ఉంటుంది. అయితే మూడు గోతులున్నాయి.

ఒకటి, వెతకడం ప్లేటు నంబర్‌తోనే. పాత పద్ధతిలో ప్లేటు మీద ఊరి గుర్తు ఉండేది, మిలాన్‌కు ఎంఐ, తురీన్‌కు టీఓ, మోడెనాకు ఎంఓ. యజమాని ఇంకో ప్రావిన్సుకు వెళ్తే కొత్త ప్లేటు. కాబట్టి ఒక ఈసీతో పని అవదు. మొదటిదాని చివర ఏ ప్లేటుకు మారిందో చూసి రెండోది తీయాలి, దాని చివర చూసి మూడోది. మధ్యలో ఒక లింకు తెగితే ఆ ఏళ్లలో ఏం జరిగిందో ఊహే.

రెండు, మొదటి తేదీని తయారీ తేదీ అనుకోవడం. రిజిస్ట్రేషన్‌కు కావలసిన చెర్తిఫికాతో దోరిజినే, అంటే కారు పుట్టుక పత్రం, ఫ్యాక్టరీ ఇస్తుంది. దాని తేదీ కాగితం తయారైన తేదీ, కారు తయారైన తేదీ కాదు. 8వీ విషయంలో ఛాసిస్ ఒక ఊళ్లో, బాడీ ఇంకో ఊళ్లో. నెలల తేడా మామూలు. ఇటలీలో రోజు, నెల, ఏడాది వరసలో రాస్తారు. 4.7.53ని అమెరికా పద్ధతిలో చదివి ఏప్రిల్ అని జాబితాల్లో ఎక్కించినవాళ్లు కొల్లలు.

మూడు, ఈసీలో బాడీ మార్పు కనిపిస్తుందన్న గ్యారంటీ లేదు. యజమాని మారాడని ఉంటుంది, రేకు మారిందని ఉండకపోవచ్చు. చివర్లో రిజిస్టర్ నుంచి కొట్టేసిన కారణం మాత్రం తప్పక చదవండి. ఎగుమతి అని ఉంటే విదేశంలో వెతకొచ్చు. తుక్కు చేశారని ఉండి కూడా ఇవాళ కారు కళ్లముందు మెరుస్తుంటే, అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి.

ఛాసిస్‌పట్టు
కాగితం విషయం ఒప్పుకుంటాను. రేకుపని గారి వాదన ఒప్పుకోను. కారు బతికినంత కాలం భాగాలు మారుతూనే ఉంటాయి, గుర్తింపు మాత్రం తెగకుండా సాగుతుంది. 1990లో లండన్ హైకోర్టులో బెంట్లీ స్పీడ్ సిక్స్ కేసు ఇదే. 1929, 1930 లెమాన్ 24 గంటల రేసులు రెండూ గెలిచిన "ఓల్డ్ నంబర్ వన్" అది. తర్వాత బాడీ, ఇంజిన్ సహా చాలావరకు మారిపోయాయి. కొన్నవాడు "ఇది ఆ కారు కాదు" అన్నాడు. తెగని చరిత్ర ఉంది కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అని జడ్జి తేల్చారు.

రేకుపని
ఆ తీర్పు రెండో సగం కూడా చెప్పండి. "ఒరిజినల్" అన్న మాట దానికి వర్తించదని అదే జడ్జి అన్నారు. అసలు కారే, కానీ మొదటి రూపంలో లేదు. నా గడి అడిగేది ఆ రెండో మాటే. పైగా అది కొనుగోలు ఒప్పందం మీద తగవు. బేరం నిలుస్తుందా అన్నది కోర్టు చూసింది. ఏ షాపు ఎన్ని బాడీలు కట్టిందో లెక్కపెట్టడం మన పని.

ఛాసిస్ ఒకచోట, రేకు ఒకచోట పడితే ఏమవుతుందో చూడాలంటే ఫెరారీ 375 ప్లస్, ఛాసిస్ నంబర్ 0384ఏఎం, ఉంది. 1954 నాటి ఫ్యాక్టరీ రేసు కారు, పినిన్ ఫరీనా బాడీ. ఒహాయోలో ఏళ్ల తరబడి విడి భాగాలుగా పడి ఉన్న కారును దొంగలు ఎత్తుకుపోయారు, అది బెల్జియంలో తేలి మళ్లీ కారై నిలబడింది. కొన్ని అసలు భాగాలు ఒహాయోలోనే ఉండిపోయాయి. దశాబ్దాల తగవు తర్వాత 2014లో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ వేలంలో కోటి పౌండ్లకు పైగా పలికింది, ఆ తర్వాతా కోర్టు గొడవలు ఆగలేదు. ఛాసిస్ నంబరే సర్వం అయితే ఒహాయోలో మిగిలిన భాగాల గురించి ఎవరికీ పట్టి ఉండకూడదు కదా?

బేసిసరి
8వీ నుంచి పక్కకు పోతున్నాననుకోకండి, ఛాసిస్ వరుసే శాస్త్రం అనేవాళ్లకు తొలి ఫెరారీలు మంచి పాఠం. రోడ్డు కార్లకు బేసి నంబర్లు, రేసు కార్లకు సరి నంబర్లు, మినహాయింపులతో సహా. 1949లో మిల్లే మిలియా (ఇటలీ రోడ్ల మీద జరిగే రేసు), లెమాన్ రెండూ గెలిచిన 166 ఎంఎం 0008ఎం ఎనిమిదో కారు కాదు. వరుస చివరి నంబర్ చూసి అన్ని కార్లు చేశారనుకుంటే లెక్క సుమారు రెట్టింపవుతుంది.

ఇంజిన్ కొలిచి మోడల్ తేల్చడమూ కుదరదు. 166కు బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 60 మిల్లీమీటర్లు, 195కు 65, 212కు 68. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) మూడింటికీ 58.8. ఒక సిలిండరు సీసీయే దాదాపుగా మోడల్ పేరు. అందుకే 166గా పుట్టిన కారు తర్వాత 195గానో 212గానో మారగలిగింది. బోరు కొలిస్తే ఇప్పటి సంగతి తెలుస్తుంది, పుట్టుక తెలియదు.

రేసు కార్లకైతే ఇంకో దరిద్రం. సరిహద్దు దాటాలంటే కస్టమ్స్ కార్నే (కారును తాత్కాలికంగా దాటించే పత్రం) కావాలి, అందులో ఛాసిస్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్ కారు గ్యారేజీలో విప్పి ఉంటే, సిద్ధంగా ఉన్న కారుకు ఆ నంబర్ తగిలించి పంపిన జట్లున్నాయి. కాబట్టి రేసు రికార్డులో నంబర్ కనిపించినంత మాత్రాన ఆ కారే వెళ్లిందని రాయకండి, ఫోటో కావాలి. ఫోటోలో ప్రోవా ప్లేటు ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అది ట్రయల్ ప్లేటు, ఇవాళ ఈ కారుకు, రేపు ఇంకో కారుకు. మిల్లే మిలియా ఫోటో అయితే ఒక మంచి తాళం చెవి ఉంది: 1949 నుంచి కారు మీది నంబరే బయల్దేరిన టైము. 1955లో రేసు డ్రైవరు స్టిర్లింగ్ మాస్ కారు 722 అంటే ఉదయం 7.22.

దస్తావేజు
పంచ్ చేసిన నంబర్ మార్చారో లేదో చూడటానికి యాసిడ్ పూసి పాత అంకెలు పైకి తెప్పించే పద్ధతి గురించి ఒకరు మెసేజ్ పెట్టారు. అది వాడొచ్చా?

రేకుపని
వద్దు. లోహాన్ని తినేస్తుంది, తర్వాత వచ్చేవాడికి చూడటానికి ఏమీ మిగలదు. ముందు మాగ్నెటో-ఆప్టిక్ పరీక్ష చేయించండి. పంచ్ దెబ్బకు అడుగున నలిగిన ఉక్కు, పైన సానబట్టినా దొరుకుతుంది, గొట్టానికి హాని ఉండదు. దాంతోపాటు అల్ట్రాసోనిక్ గేజుతో నంబర్ ఉన్న చోటా, జానెడు దూరంలోనూ మందం కొలవండి. నంబర్ దగ్గర పలచగా ఉంటే సానబట్టారు, మందంగా ఉంటే ముక్క అతికించారు. ఇసక బ్లాస్టింగ్ చేయించాక ఏ పరీక్షా అంత గట్టిగా చెప్పలేదు, కాబట్టి పెయింటు గీకకముందే చేయాలి.

దస్తావేజు
సరే, ఇలా కడుతున్నాను. ఒక ఛాసిస్‌కు ఒక వరుస, మొత్తం 114. బాడీలకు వేరే పట్టిక: ప్రతి బాడీకీ షాపు, పని నంబర్, ఏ ఛాసిస్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. ఒక ఛాసిస్‌కు రెండు బాడీ వరుసలు ఉండొచ్చు. ఇంజిన్‌కు మూడో పట్టిక. ప్రతి తేదీ పక్కనా అది ఈసీదా, ఫ్యాక్టరీ కాగితానిదా, ఫోటోదా అన్నది.

ఛాసిస్‌పట్టు
నాకు అభ్యంతరం లేదు. ఒక్క సంగతి తేలలేదు. జగాటో మార్చిన ఫియట్ బాడీకి కొత్త వరుస ఇస్తారా? ఎంత రేకు మారితే కొత్త బాడీ?

రేకుపని
ముందు అద్దం చట్రం, దాని కింది ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ లోపలికీ మధ్య గోడ), పైకప్పు స్తంభాలు ఫియట్‌వే ఉంటే మార్పు. అవి కూడా పోతే కొత్త బాడీ.

ఛాసిస్‌పట్టు
స్తంభాలు ఉంచి చర్మమంతా మారిస్తే?

రేకుపని
మార్పే. ఆ ఒక్క చోట నాతో గొడవ పడేవాళ్లు ఉంటారని తెలుసు. అందుకే కారు విప్పినప్పుడు స్తంభం అడుగు భాగం లోపల్నుంచి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి. ప్యాడింగ్ బిగించేశాక ఎవరూ మళ్లీ విప్పనివ్వరు.