అప్‌డేట్: గాల్దోస్ చేతిరాత ప్రతులు ఎక్కడున్నాయో తెలిసింది

స్పానిష్ నవలాకారుడు బెనీతో పేరెస్ గాల్దోస్ రాతప్రతులు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలని పోయిన నెల అడిగాను కదా. సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

అన్నీ ఒకేచోట ఉంటాయనుకోవడం నా పొరపాటు. స్పెయిన్ కేనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నగరంలో ఆయన 1843లో పుట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడ ఆయన పుస్తకాలు, ఉత్తరాలు, సామాన్లు ఉన్నాయి. నవలల ప్రతులు చాలావరకు మాద్రిద్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. నాకు బాగా కావలసిన 'ఫోర్తునాతా ఇ హసింతా' నవల ప్రతి మాత్రం అట్లాంటిక్ దాటి అమెరికాలో, హార్వర్డ్‌లోని హౌటన్ లైబ్రరీలో ఉంది! టికెట్ బుక్ చేయకముందే తెలియడం నా అదృష్టం.

జాతీయ గ్రంథాలయం స్కాన్ చేసిన ప్రతులు కొన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికాయి. రెండు రాత్రులు వాటితోనే గడిచిపోయాయి. ఆయన కాగితం వృథా చేసే రకం కాదు. వద్దనుకున్న పేజీని తిప్పి, వెనకవైపు కొత్త పేజీ రాసేవారు. అందుకే అచ్చులోకి రాని పాత వాక్యాలు ఆ వెనకవైపు అలాగే మిగిలాయి. నాకైతే ముందువైపు కన్నా అదే ఆసక్తిగా ఉంది. కొట్టివేతల కింద మాటలు పోల్చుకోవడం మాత్రం కష్టం. నా స్పానిష్ అంతంతమాత్రమే మరి.

చివరి ఏళ్లలో చూపు పోయాక ఆయన చెబుతుంటే వేరేవాళ్లు రాసేవారు. కాబట్టి ఆ కాలపు ప్రతుల్లో దస్తూరి వేరుగా కనిపిస్తే కంగారుపడకండి.

ప్రయాణం ప్రస్తుతానికి వాయిదా. ముందు స్కాన్లు పూర్తిచేస్తాను.