బుడగలు బాగానే ఊదుతున్నాడు, మాటకు మాత్రం ఊపిరి చాలట్లేదు (సీపీ)

ప్రశ్న:
బాబుకు 7 ఏళ్లు, స్పాస్టిక్ సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతినడంవల్ల కండరాలు బిగుసుకునే రకం). మొదటి మాట గట్టిగానే వస్తుంది, మూడో మాటకల్లా గొంతు సన్నబడి ఊపిరి అయిపోతుంది. 6 నెలలుగా ఈలలు, సబ్బు బుడగలు ఊదిస్తున్నాం. ఊదడం వచ్చింది, మాటలో తేడా లేదు. ఎక్కడ తప్పుతోంది?

జవాబు (స్పీచ్ థెరపిస్ట్):
ఊదడం వేరు, మాట్లాడడం వేరండీ. మాటకు గబుక్కున పీల్చి, ఆ గాలిని సన్నగా, ఒకే ఒత్తిడితో వదలాలి. సరిగ్గా అదే క్షణానికి స్వరతంత్రులు (గొంతులో అదిరి శబ్దం పుట్టించే మడతలు) దగ్గరికి రావాలి. ఈల ఈ పొందిక నేర్పదు.

ముందు గాలి చాలట్లేదా, వృథా అవుతోందా తేల్చుకోండి. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి పేపర్ క్లిప్పుతో అంచుకు బిగించండి. కొస నీటిమట్టానికి 5 సెంటీమీటర్ల కింద ఉండాలి. 5 సెకన్లు ఆగకుండా బుడగలు వస్తే మాటకు కావలసిన ఒత్తిడి ఉన్నట్టే. రాకపోతే ముక్కు మూసి మళ్లీ ఊదించండి. అప్పుడు వస్తే, కొండనాలుక దగ్గర అంగిలి మూసుకోక గాలి ముక్కులోంచి పోతోందన్నమాట. బుడగలు సరిగానే వచ్చినా "ఆ..." అన్నప్పుడు గొంతు గాలిగాలిగా ఉంటే, కారేది స్వరతంత్రుల దగ్గర. నీళ్లకు పొలమారే పిల్లలకు ఈ స్ట్రా పరీక్ష ఇంట్లో అసలు వద్దు, పొరపాటున పీల్చేస్తారు.

జవాబు (ఫిజియో):
కూర్చున్న తీరు కూడా చూడండి. నడుము ముందుకు జారి వీపు వంగితే పొట్ట నొక్కుకుపోయి డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే, ఊపిరి పీల్పించే కండరం) కిందికి దిగదు. తుంటి, మోకాలు, చీలమండ దాదాపు 90 డిగ్రీలు, పాదాలు పూర్తిగా ఆనాలి. బెల్టు పొట్ట మీదికి రాకూడదు, తుంటి ఎముకల దగ్గర కిందుగా ఉండాలి. "గట్టిగా ఊపిరి పీల్చు" అని మాత్రం అనకండి. భుజాలు లేచి ఒళ్లంతా బిగుసుకుంటుంది. పీల్చేటప్పుడు ఛాతీ లోపలికి పోతుంటే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
ముక్కు మూస్తే 5 సెకన్లు, తెరిస్తే 2. మరి ఇంట్లో ఏం చేయించాలి?

జవాబు (స్పీచ్ థెరపిస్ట్):
అంగిలిని నేరుగా పరీక్ష చేయించండి. కొందరికి దాన్ని ఎత్తిపట్టే ప్లేటు పనికొస్తుంది. సాధన మాత్రం మాటతోనే. ఊపిరి వదలడం మొదలవగానే మాట ఎత్తుకోవాలి. సగం గాలి పోయాక మొదలుపెట్టడమే ఈ పిల్లల్లో తరచూ కనిపించే లోపం. రెండేసి పదాలకు ఆగి పీల్చాలి: "అమ్మా, నీళ్లు", ఊపిరి, "చల్లగా కావాలి". గాలి అయిపోయాక పిండుకుని మాట్లాడనివ్వకండి, గొంతు బిగుస్తుంది. ఊపిరి, గొంతు, వేగం కలిపి వారానికి 3 సార్లు, 35–40 నిమిషాల చొప్పున 6 వారాలు చేయించిన పరిశోధనల్లో ఆ పిల్లల మాట కొత్తవాళ్లకూ మునుపటికన్నా అర్థమైంది. ఈలోగా, బొమ్మలు చూపించి మాట తెలిపే బోర్డు వాడుతుంటే తీసేయకండి, దానివల్ల మాట వెనకబడదు.