సముద్రపు గాలికి ఎదురున్న అపార్ట్‌మెంటు గోడలను ఎన్నాళ్లకొకసారి కడిగించాలి?

లాసన్స్‌బే నివాసి:

విశాఖపట్నంలో సముద్రానికి సుమారు 400 మీటర్ల దూరంలో, 2009లో కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో మేము ఉంటున్నాము. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను తరువాత ఒకసారి, 2021లో మరొకసారి బయటి గోడలకు రంగులు వేయించాము. ఏటా సంక్రాంతికి ముందు ప్రెషర్ వాషర్‌తో నాలుగు వైపులా కడిగించడం మా సంఘానికి ఆనవాయితీ. ఈసారి దానిని రెండుసార్లకు పెంచాలని, అంటే తొలకరికి ముందు మే నెలలో ఒకసారి, వానలు వెనుకబట్టాక డిసెంబరులో ఒకసారి కడిగించాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నారు.

నాకు రెండు విషయాలు మింగుడుపడడం లేదు. డిసెంబరులో తెల్లగా తేలిన ఉత్తరపు గోడ మరుసటి ఆగస్టు వచ్చేసరికి మళ్లీ నల్లటి చారలతో నిండిపోతోంది. పైగా 2021లో వేసిన రంగును అరచేత్తో రుద్దితే పొడి అంటుకుంటోంది. కడగడం చాలక ఇలా జరుగుతోందా, ఎక్కువై జరుగుతోందా? తీరప్రాంతంలో కాపురం ఉన్నవారు, ఈ పని తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కోశాధికారి:

మా కాంప్లెక్సు కూడా విశాఖలోనే, ఎంవీపీ కాలనీలో ఉంది. నేను రెండుసార్లు కడిగించాలనే పక్షాన ఉన్నాను, అయితే అందం కోసం కాదు. నాచు పట్టిన గోడ వాన వెలిసిన తరువాత కూడా చెమ్మను వదలదు. ఆ చెమ్మకు దుమ్ము అతుక్కుంటుంది. దుమ్ము నిండిన పగులులో కాకి రెట్టతో పాటు పడిన రావి గింజ మొలకెత్తుతుంది. మా భవనం వెనుక డ్రైనేజీ గొట్టం పక్కన మొలిచిన రావి మొక్కను రెండేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. దానిని పీకించేనాటికి వేరు ప్లాస్టరు వెనుక మూరెడు దూరం పాకింది, గొట్టం అతుకు విడిపోయింది, లోపలి స్నానాల గది గోడకు చెమ్మ దిగింది. ఏడాదికి రెండుసార్లు ఎవరో ఒకరు ఆ గోడ మీదకు తాడు వేసుకుని దిగి ఉంటే ఆ మొక్క రెండాకుల దశలోనే పోయేది. కడిగించడానికి ఫ్లాటుకు పడే ఖర్చును ఆ మరమ్మతు ఖర్చుతో పోల్చిన తరువాత మా సభ్యులెవరూ మళ్లీ ఎదురు మాట్లాడలేదు.

విశ్రాంత ఇంజనీరు:

కోశాధికారి గారి రావి మొక్కను పట్టించవలసింది నీళ్లు కాదు, చూపు. ఆ మొక్కను పట్టుకోవడానికి గోడంతా తడపనక్కర లేదు. ఈ రెండు పనులనూ కలిపేయడం వల్లనే చర్చ దారి తప్పుతోందని నా అభిప్రాయం.

ముందు నల్లటి చారల సంగతి చూద్దాము. మన గోడల మీద నలుపు అంతా మసి, దుమ్ము అనుకుంటాము గాని, చాలా చోట్ల అది సయనోబాక్టీరియా, అంటే నీలి ఆకుపచ్చ నాచు. ఎండను తట్టుకోవడానికి అది తన చుట్టూ ముదురు రంగు పొర అల్లుకుంటుంది, మే నెలలో ఎండి చచ్చినట్టు కనబడి, తొలి వానకే తిరిగి బతుకుతుంది. కొన్ని గోడల మీద తుప్పు మరకలా కనబడే నారింజ రంగు మచ్చలు కూడా ట్రెంటిపోలియా అనే నాచువే కావచ్చు. వీటికి కావలసింది తేమ. ఉత్తరపు గోడకు శరత్తు నుంచి వసంతం దాకా నేరుగా ఎండ తగలదు. మనకు అక్టోబరు, నవంబరు నెలల్లో కూడా వానలు ఉంటాయి కాబట్టి, తడిసిన ఆ గోడ ఆరే అవకాశమే తక్కువ. అలాంటి గోడను డిసెంబరులో మళ్లీ నీళ్లతో కొట్టి, పైపొరను తుడిచి, రంగు సందుల్లోని బీజాలను అలాగే వదిలేస్తున్నారు. ఎనిమిది నెలలలో అది తిరిగి నల్లబడడంలో వింతేమీ లేదు.

లాసన్స్‌బే నివాసి గారు ఒక పని చేయాలి. చారలు ఎక్కడ ముగుస్తున్నాయో చూడకుండా, ఎక్కడ మొదలవుతున్నాయో చూడండి. పిట్టగోడ పైభాగం డాబా వైపుకు కాకుండా బయటికి వాలి ఉంటే, అక్కడ పేరుకున్న దుమ్మంతా ప్రతి వానకూ గోడ మీదుగా జారుతుంది. సన్‌షేడ్ అంచున అడుగు భాగంలో నీళ్లు తెగిపడడానికి గాడి ఉండాలి. అది లేకపోతే, లేదా రంగులు, ప్లాస్టరు పూతలతో పూడిపోయి ఉంటే, నీటి బొట్టు అంచు నుంచి కింద పడకుండా అడుగునంటి గోడ దాకా పాకుతుంది. ఇక ఏసీ గొట్టాల గురించి చెప్పనక్కర లేదు, వాటిని బిగించేవారు గోడనే కాలువగా భావిస్తారు. ఈ మూడింటినీ సరిచేయకుండా ఏటా కడిగించడమంటే కారే కుళాయి కింద గచ్చును తుడుస్తూ కూర్చోవడమే.

ఇప్పుడు అసలు మాట. సముద్రం పక్కన ఉన్నవారు భయపడవలసింది నాచుకు కాదు, ఉప్పుకు. ఉప్పు కంటికి కనబడదు. వాన నేరుగా తగిలే గోడల మీది ఉప్పును వానే కడిగేస్తుంది. సన్‌షేడ్ల అడుగు భాగం, బాల్కనీల పైకప్పు, మెట్ల వద్ద ఉన్న జాలీల లోపలి వైపు, కిటికీ గ్రిల్లుల వెనుక భాగం వంటి వాన చేరని చోట్ల మాత్రం గాలి మోసుకొచ్చిన ఉప్పు ఏళ్ల తరబడి పేరుకుంటుంది. అవే మనకు శుభ్రంగా కనబడేవి, ఎవరూ కడగనివి. తీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటును ఐఎస్ 456 : 2000 అనే భారతీయ కాంక్రీటు ప్రమాణం తీవ్రమైన వర్గంలో చేర్చి, లోపలి ఇనుప చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు పొర, సూచించింది. మన సన్‌షేడ్లలో దానిలో సగం ఉన్నా అదృష్టమే. ఉప్పులోని క్లోరైడు ఆ పలుచని పొరను దాటి చువ్వను చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. మన ఊళ్లో బాల్కనీ పెచ్చులు ఊడే భవనాలలో బయటి గోడలు నిగనిగలాడుతూ ఉండడం నేను చాలాసార్లు చూశాను.

అందువల్ల నల్లగా కనబడే గోడ మీదకు నీళ్లు రాకుండా దారి మళ్లించండి, తెల్లగా కనబడే సన్‌షేడ్ అడుగును కడగండి. అది కూడా మామూలు గొట్టంతో, మంచినీళ్లతో చాలు.

రంగుల ఇంటివాడు:

మా నాన్నగారు కాకినాడలో రంగుల మేస్త్రీ. నేను చిన్నప్పుడు ఆయన వెంట సున్నం వేయడానికి వెళ్లేవాడిని. ఏటా కడగాలనే ఈ పట్టింపు సంక్రాంతి సున్నం నుంచి వచ్చిందని నా నమ్మకం. పండగకు ముందు గోడలు గీకి, కడిగి, సున్నం వేసేవారు. సున్నం ఏడాదికి మించి నిలవదు, కాబట్టి ఆ గడువు దానికి సరిపోయింది. పైగా సున్నానికి ఉన్న గాఢమైన క్షారగుణం నాచును బతకనివ్వదు. అంటే ప్రతి సంక్రాంతికీ గోడ మందు కూడా తాగేది. ఇప్పుడు గోడకు ఉన్నది అక్రిలిక్ ఎమల్షన్, అంటే నీళ్లలో కలిపి వేసే ప్లాస్టిక్ రంగు. దానిలో నాచును ఆపే మందు కలిపే ఉంటుంది గాని, అది నీళ్లతో పాటు కొంచెం కొంచెంగా కరిగిపోయేది. సున్నానికి తగిన అలవాటును ఎమల్షన్‌కు తగిలించి, అందులోనూ యంత్రంతో కొట్టించి, మందునూ పైపొరనూ కలిపి కాలువలోకి పంపుతున్నాము. అరచేతికి అంటిన పొడికి ఎండ కూడా కారణమే, అయినా ఆ గోడకు ఒత్తిడి నీళ్లు తగిలినకొద్దీ పూత పలుచబడుతుంది.

కడగడమే తప్పనడం లేదు. నాచు పట్టిన చోట పలుచని సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణాన్ని పిచికారీ చేసి, పది పదిహేను నిమిషాలు ఉంచి, మెత్తటి కుంచెతో తోమి, నీళ్లతో పూర్తిగా కడిగేస్తే చాలు. కాంట్రాక్టరు కుర్రాళ్లు టైల్సుకు వాడే యాసిడ్‌ను గోడ మీద పోయడం నేను కళ్లారా చూశాను. యాసిడ్ సిమెంటునే తింటుంది. బ్లీచింగ్‌తో అది కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తాడు మీద వేలాడుతున్న మనిషి దానిని పీల్చితే పారిపోవడానికి దారి ఉండదు. ఈ ఒక్క మాటను మీ తీర్మానంలో రాయించండి.

కోశాధికారి:

ఇంజనీరు గారి వాదనలోని శాస్త్రాన్ని నేను కాదనడం లేదు. అయితే సంఘం ఎలా నడుస్తుందో ఆయన మరచిపోతున్నారు. “అవసరమైనప్పుడు కడిగించాలి” అని రాసుకున్న ప్రతి సంఘంలోనూ ఆ అవసరం పెచ్చు ఎవరి కారు మీదనో పడిన రోజునే కనబడుతుంది. కార్యవర్గం ఏటా మారుతుంది, కొత్తవారికి పాత పగులు తెలియదు. తేదీ వేసిన పని జరుగుతుంది, తేదీ లేని పని జరగదు. రెండుసార్లు ఎక్కువనిపిస్తే ఒక్కసారే పెట్టండి, కాని క్యాలెండరును మాత్రం వదలకండి.

జురాంగ్ తెలుగు:

సింగపూర్‌లో నాలుగేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ తేమ విశాఖకంటే తక్కువేమీ కాదు, వాన ఏడాది పొడవునా ఉంటుంది. మేమున్న హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) బ్లాకుల వంటి వాటికి, వాటి నిర్వహణ చూసే టౌన్ కౌన్సిళ్లు సుమారు 5 నుంచి 7 ఏళ్లకొకసారి కడిగి రంగులు వేయిస్తాయి. కోశాధికారి గారు అడిగిన తేదీ కూడా ఇక్కడ ఉంది గాని, అది పరీక్షకు పెట్టిన తేదీ. 2022 జనవరి 1 నుంచి అమలైన నియమం ప్రకారం 20 ఏళ్లు దాటిన, 13 మీటర్ల కంటే ఎత్తైన భవనాల బయటి గోడలను 7 ఏళ్లకొకసారి అర్హులైనవారి చేత పరీక్ష చేయించాలి. గోడ ఎంత తెల్లగా ఉందన్నది కాక, ఏ ముక్క ఊడి ఎవరి నెత్తిన పడుతుందన్నదే ఆ పరీక్షకు ముఖ్యం.

మియాపూర్ వాసి:

మా హైదరాబాదులో ఇంత చర్చ అవసరం లేదు. మాకున్నది దుమ్ము. రెండు గట్టి వానలు పడితే అదే పోతుంది.

విశ్రాంత ఇంజనీరు:

కోశాధికారి గారి మాటలో నేను ఒప్పుకోవలసినది ఉంది. తేదీ ఉండాలి. ఏటా నవంబరు చివరలో వానలు తగ్గగానే ఒక రోజు నాలుగు వైపులా బైనాక్యులర్‌తో చూసి, ఫోటోలు తీసి, అందినంత మేర ప్లాస్టరును చిన్న సుత్తితో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట గుర్తు పెట్టాలి. ఈ పనిని క్యాలెండరులో రాసుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఇంతకుముందు రాయడం మరచిన సంగతి ఒకటి ఉంది. తీరానికి దగ్గర్లో బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. ఆ నీళ్లతో సన్‌షేడ్ అడుగును కడిగితే ఉప్పును తీయడం అటుంచి, కొత్త ఉప్పును పూసినవారవుతారు. కడిగే ముందు నోట వేసుకుని చూసినా తెలుస్తుంది. హైపోక్లోరైట్ కూడా చివరికి ఉప్పుగానే మిగులుతుంది కాబట్టి, దానిని నాచు ఉన్న గోడకే పరిమితం చేసి, చువ్వలు పలుచగా కప్పబడిన సన్‌షేడ్లకు, పగుళ్లకు దూరంగా ఉంచడం మంచిది. రంగుల ఇంటివాడు గారు పూర్తిగా కడగాలన్నది అందుకే.

లాసన్స్‌బే నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఉదయం డాబా మీదకు వెళ్లి చూశాను. ఉత్తరపు గోడ మీద పెద్ద చారలు తొమ్మిది ఉన్నాయి. వాటిలో ఆరు పిట్టగోడ పైనుంచే మొదలవుతున్నాయి, పైభాగం నిజంగానే వీధి వైపుకు వాలి ఉంది. రెండు ఏసీ గొట్టాల కింద ఉన్నాయి, వాటిలో ఒకటి మా ఫ్లాటుదే. అందినంతలో ఒక నల్ల మచ్చ మీద బ్లీచ్ చుక్కలు వేస్తే పది నిమిషాలలో వెలిసిపోయింది. అది మసి కాదని తేలింది. తూర్పు వైపు మూడవ అంతస్తు పడకగది సన్‌షేడ్ అడుగున, ఎంతో శుభ్రంగా ఉన్న తెల్లటి భాగంలో, వెంట్రుకంత పగులు, దాని వెంబడి గోధుమ రంగు చార కనబడ్డాయి. ఇన్నేళ్లుగా ఏటా కడిగించినా మాలో ఎవరూ దానిని చూడలేదు.

తీర్మానానికి సవరణ రాసి ఇచ్చాను. మే నెలలో కడిగించడానికి అనుకున్న డబ్బును పిట్టగోడ పైభాగాన్ని డాబా వైపుకు వాల్చి పూయడానికి, సన్‌షేడ్ల గాడులు తెరవడానికి మళ్లించాలని, కడిగించేటప్పుడు యాసిడ్, బోరు నీళ్లు వాడకూడదని కోరాను. తూర్పు సన్‌షేడ్‌ను ఇంజనీరుకు చూపించేవరకు దాని కింద కార్లు నిలపవద్దని ఈ రోజే నోటీసు అంటించాము.

కోశాధికారి:

పిట్టగోడ పని జరిగాక కూడా ఉత్తరపు గోడ నల్లబడితే ఇక్కడే రాయండి. మా పిట్టగోడను నేను ఇంకా చూడలేదు, ఈ ఆదివారం పైకి వెళ్తున్నాను.