చదివాక బ్రేక్‌లో ఫోన్ చూస్తే చదివింది పోతుందా?

ప్రశ్న: గంటసేపు చదివి పది నిమిషాలు బ్రేక్ తీసుకుంటే, ఆ పది నిమిషాలూ ఫోన్‌లో వీడియోలకే పోతున్నాయి. ఏమీ చేయకుండా కళ్ళు మూసుకుని కూర్చుంటే ఎక్కువ గుర్తుంటుందంటున్నారు. నిజమేనా? ఎంతసేపు, ఎలా కూర్చోవాలి? నిద్ర ముంచుకొస్తే?

జవాబు 1: నిజమేనండి. అప్పుడే చదివింది మెదడులో ఇంకా పచ్చిగా ఉంటుంది. అది కుదురుకునేలోపే కొత్త విషయం వచ్చి పడితే చెదిరిపోతుంది. జర్మనీలో మ్యూలర్, పిల్జెకర్ అనే పరిశోధకులు ఈ సంగతి 1900లోనే చెప్పారు. 2012లో మికేలా డ్యూవార్ అనే పరిశోధకురాలి బృందం పెద్ద వయసువాళ్ళకు రెండు చిన్న కథలు వినిపించింది. ఒక కథ అయ్యాక పది నిమిషాలు చీకటి గదిలో ఊరికే కూర్చోబెట్టారు. ఇంకో కథ అయ్యాక రెండు బొమ్మల మధ్య తేడాలు కనిపెట్టే ఆట ఇచ్చారు. వారం తర్వాత అడిగినా, విశ్రాంతి దొరికిన కథే బాగా గుర్తుంది. ఆ ఆటకీ కథకీ ఏ సంబంధమూ లేదు, గమనించండి. అందుకే ‘పాఠంతో సంబంధం లేని వీడియోనే కదా’ అనుకోవడం పొరపాటు.

జవాబు 2: చేసే పద్ధతి చెప్తాను. పాఠం ముగియగానే పుస్తకం మూసి, రెండు మూడు నిమిషాలు చూడకుండా ముఖ్యమైన పాయింట్లు కాగితం మీద రాయండి. తప్పులు సరిచూసుకున్నాక విశ్రాంతి మొదలుపెట్టండి. పది నిమిషాలకు అలారం పెట్టండి, ఫోన్‌లో కాదు, మామూలు గడియారంలో. ఫోన్ పక్క గదిలో ఉండాలి, ఎందుకంటే ఒక్క మెసేజ్ చదివినా ధ్యాస అటే పోతుంది. లైటు తగ్గించి, వీపు ఆనించి కూర్చుని కళ్ళు మూసుకోండి. పాఠాన్ని పట్టుబట్టి నెమరు వేయక్కర్లేదు, మనసు ఎటు తిరిగితే అటు తిరగనివ్వండి. రేపటి పనుల జాబితా వేసుకోవడం మాత్రం వద్దు, అదీ పనే. అలాంటివి తోస్తుంటే ముందే ఓ చీటీ మీద రాసి పక్కన పెట్టేయండి.

నిద్ర విషయానికొస్తే, జ్ఞాపకానికి దానివల్ల నష్టం లేదు, మేలే. చిక్కల్లా అరగంట దాటి పడుకుని లేస్తే ఉండే మత్తుతోనే. అందుకే పడుకోకుండా కూర్చోమనేది. కూర్చున్న ప్రతిసారీ కునుకు పడుతోందంటే రాత్రి నిద్ర చాలట్లేదన్నమాట, ముందు దాన్ని సరిచేసుకోండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. పాటలు వినొచ్చా? కాసేపు నడవొచ్చా?

జవాబు 3: మాటలున్న పాట వద్దు, మనసు ఆ మాటల వెంట పోతుంది. నడక ఫర్వాలేదు. రద్దీ లేని చోట, ఇయర్‌ఫోన్లు లేకుండా, ఎవరితోనూ మాటలు పెట్టుకోకుండా నడవండి. రోడ్డు దాటాల్సిన చోట నడిస్తే అది విశ్రాంతి కాదు.

ఇంకో మాట. విశ్రాంతి నిలబెట్టేది, మీరు శ్రద్ధగా చదివి అర్థం చేసుకున్నదాన్నే. కళ్ళు పేజీ మీద, ధ్యాస ఇంకెక్కడో ఉంటే ఆ పది నిమిషాల్లో కుదురుకోవడానికి ఏమీ ఉండదు. అన్ని బ్రేకులూ ఇలాగే గడపనక్కర్లేదు కూడా. సూత్రాలు, నిర్వచనాలు, కొత్త పదాలు లాంటి గుర్తుంచుకోవాల్సిన భాగం అయిన వెంటనే ఇలా కూర్చోండి. వీడియోలు ఆ రోజు చదువంతా ముగించి, చివరి విశ్రాంతి కూడా అయ్యాక చూసుకోవచ్చు.