ఫైబర్ పని నుంచి నెట్‌వర్కింగ్ వైపు: 28 వేలు కట్టి ఆన్‌లైన్ కోర్సులో చేరాలా?

కడియం_స్ప్లైసర్:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి దగ్గర కడియం. వయసు 27. ఈసీఈ డిప్లొమా చేశాను. నాలుగేళ్లుగా ఒక లోకల్ ఇంటర్నెట్ ఆపరేటర్ దగ్గర ఫీల్డ్‌లో ఉన్నాను. ఫైబర్ తెగితే స్ప్లైసింగ్ చేయడం (అతికించడం), పవర్ మీటర్ పెట్టి సిగ్నల్ చూడడం, ఇంట్లో ఫైబర్ చివర పెట్టే ఓఎన్‌యూ పెట్టె మార్చడం, ఇంట్లో వైఫై పెట్టి ఇవ్వడం నా పని. జీతం 16 వేలు. గాలివాన వచ్చిన రాత్రి స్తంభం దగ్గరకు వెళ్లాలంటే ఇంట్లో వాళ్లు నేను తిరిగొచ్చేదాకా నిద్రపోరు. పాప పుట్టాక ఆ టెన్షన్ నాకూ మొదలైంది.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో నాక్‌లో (నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ రూమ్‌లో) కూర్చుని చేసే ఉద్యోగానికి మారాలని ఉంది. సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ చేయమని అందరూ అంటున్నారు. ఒక ఆన్‌లైన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సీసీఎన్‌ఏ, దాని పై స్థాయి సీసీఎన్‌పీ, ఫైర్‌వాల్, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ అన్నీ కలిపి మూడు నెలల్లో నేర్పిస్తామంటున్నారు. ఫీజు 28 వేలు, ఉద్యోగం గ్యారంటీ అట. ఈ శనివారంలోపు కడితే 22 వేలేనని రోజూ ఫోన్ చేస్తున్నారు. మా ఆవిడ చీటీ పాట డబ్బులు వచ్చాయి, అవి పెట్టేద్దామంటోంది. ఇంకోవైపు ఐదారు వందల రూపాయల రికార్డెడ్ కోర్సులు, యూట్యూబ్‌లో ఫ్రీ కోర్సులు కనిపిస్తున్నాయి. నా దగ్గర ఉన్నది పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, వేగంగా మాట్లాడితే కొంచెం కష్టం. ఏది ఎంచుకోవాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

దుబాయ్_ర్యాక్‌రూమ్:

ఆ డబ్బు కట్టకు బ్రదర్. జెరెమీస్ ఐటీ ల్యాబ్ అని యూట్యూబ్‌లో పూర్తి సీసీఎన్‌ఏ కోర్సు ఫ్రీగా ఉంది. ప్రతి పాఠానికి ల్యాబ్, గుర్తుపెట్టుకోవడానికి ఫ్లాష్‌కార్డులు కూడా ఇస్తారు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని స్పీడ్ 0.75కి తగ్గించుకో. నేను అలాగే విన్నాను. ఇంకో మాట, పరీక్ష దగ్గరకొచ్చేసరికి ఎవరో ఒకరు డంప్స్, అంటే బయటికి లీకైన అసలు పరీక్ష ప్రశ్నలు, పంపిస్తారు. ముట్టుకోకు. దొరికితే సిస్కో వాళ్లు సర్టిఫికెట్ రద్దు చేస్తారు.

ఖమ్మం_అక్క:

తమ్ముడూ, శనివారంలోపు కట్టాలి అన్న మాట దగ్గరే ఆగు. నేను తొమ్మిదేళ్లుగా నెట్‌వర్క్ ఇంజినీర్‌గా హైదరాబాద్‌లో ఉన్నాను. నాక్‌లో నైట్ షిఫ్ట్‌తోనే మొదలుపెట్టాను. ఇప్పుడు కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే టీమ్‌లో ఉన్నాను కాబట్టి అవతలి వైపు నుంచి కూడా చెప్పగలను.

ముందు నా సంగతి. నేనూ మా నాన్న పత్తి అమ్మిన డబ్బుల్లోంచి ఫీజు కట్టి అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. బ్యాచ్‌లో అరవై మంది దాకా ఉండేవాళ్లం. సార్ కమాండ్ కొట్టేవారు, మేం నోట్సులో రాసుకునేవాళ్లం. నెట్‌వర్క్ పనిని అంచెలుగా చెప్పే ఓఎస్‌ఐ ఏడు లేయర్లు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి అప్పజెప్పేదాన్ని. మొదటి ఇంటర్వ్యూలో ఒకాయన ల్యాప్‌టాప్ నా ముందుకు జరిపి, ఒకే స్విచ్‌కి ఉన్న రెండు కంప్యూటర్లు పింగ్ అవడం లేదు, చూడమ్మా అన్నారు. వీలాన్ అంటే ఒకే స్విచ్‌ను విడివిడి నెట్‌వర్క్‌లుగా చేసే పద్ధతి. ఒక పోర్టు వీలాన్ 10లో ఉంది, రెండోది వీలాన్ 1లోనే ఉండిపోయింది. షో వీలాన్ బ్రీఫ్ అని కొడితే అక్కడే కనిపించేది. నాకు ఆ కమాండ్ తెలుసు, నోట్సులో రాసుకున్నాను కూడా. కానీ పాడైనదాన్ని ఎక్కణ్నుంచి చూడడం మొదలుపెట్టాలో ఎవరూ నేర్పలేదు. ఐదు నిమిషాలు కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. బస్సెక్కి ఖమ్మం వచ్చేదాకా ఏడుపు ఆపుకున్నాను.

అందుకే కోర్సు ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే. నెట్‌వర్క్‌ను పాడుచేసి, నీ చేత బాగుచేయిస్తుందా లేదా? సిలబస్ ఏ కోర్సులోనైనా అదే, సిస్కో తన సైట్‌లోనే పెట్టింది. ఇప్పటి పరీక్ష కోడ్ 200-301. అందులో ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, నెట్‌వర్క్ ఫండమెంటల్స్‌కి 20, వీలాన్లు, స్విచింగ్, వైర్‌లెస్ ఉండే నెట్‌వర్క్ యాక్సెస్‌కి 20, సెక్యూరిటీకి 15, ఐపీ సర్వీసెస్‌కి 10, ఆటోమేషన్‌కి 10. అంటే దాదాపు మూడింట రెండొంతులు మొదటి మూడు భాగాల్లోనే ఉంది. సీసీఎన్‌పీ, ఫైర్‌వాల్, ఏడబ్ల్యూఎస్ అన్నీ మూడు నెలల్లో అన్నారంటే ఆ మూడు భాగాలకు ఎన్ని రోజులు మిగులుతాయో నువ్వే లెక్క వేసుకో. పగలంతా పని చేసి రాత్రి రెండు గంటలు చదివేవాళ్లకు ఒక్క సీసీఎన్‌ఏకే ఆరు నెలలు పట్టడం నేను చూశాను. అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు నీ విషయం. నువ్వు సున్నా నుంచి మొదలుపెడుతున్నానని అనుకుంటున్నావు, అది నిజం కాదు. కొన్ని సైట్లు వస్తున్నాయి, కొన్ని రావడం లేదు అని కస్టమర్ ఫోన్ చేస్తే, రౌటర్‌లో ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492 పెట్టమని మీ సీనియర్ చెప్పే ఉంటాడు. ఎందుకు 1492? ఈథర్నెట్ ఫ్రేమ్‌లో డేటాకి 1500 బైట్లు పడతాయి. కస్టమర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్టయ్యే మీ పీపీపీఓఈ లాగిన్ అందులో 8 బైట్లు తన హెడర్ల కోసం తీసుకుంటుంది. మిగిలేది 1492. ఇదే ఎంటీయూ సీసీఎన్‌ఏ చదివేటప్పుడు ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) పాఠంలో మళ్లీ ఎదురవుతుంది. రెండు రౌటర్ల మధ్య ఎంటీయూ సరిపోలకపోతే నైబర్ సంబంధం ఎక్స్‌స్టార్ట్ అనే మధ్య దశ దగ్గర ఆగిపోతుంది. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలకు ఇది పుస్తకంలో ఒక లైను. నీకు కస్టమర్ ఇంట్లో చెమటలు పట్టించిన సంగతి. పవర్ మీటర్‌లో సిగ్నల్ మైనస్ 27 డీబీఎం కంటే కిందికి పోతే లైన్ పడిపోవచ్చని నీకు తెలుసు. ఫిజికల్ లేయర్ అంటే అదే కదా. ఇంటర్వ్యూలో ఇవి చెప్పు, వినేవాళ్లు కచ్చితంగా తలెత్తి చూస్తారు.

ల్యాబ్‌కి, కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టుకునే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ చాలు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో అకౌంట్ తెరిస్తే ఫ్రీగా ఇస్తారు. నీ 4 జీబీ ల్యాప్‌టాప్‌లో కాస్త నెమ్మదిగానైనా నడుస్తుంది, బ్రౌజర్ మూసేసి వాడుకో. అలాంటివే అయిన జీఎన్‌ఎస్3, ఈవీఈ-ఎన్‌జీ మంచివే కానీ ఆ ర్యామ్‌కి బరువు, ఇప్పుడు వాటి జోలికి వెళ్లకు. నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ కూడా ఫ్రీయే. అది పెట్టుకుని మీ ఇంటి వైఫైలో కంప్యూటర్‌కి అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ నాలుగు ప్యాకెట్లు ఎలా వెళ్తున్నాయో ఒక్కసారి చూడు. ఆ జవాబు అందనప్పుడు కస్టమర్ కంప్యూటర్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ ఎందుకు కనిపిస్తుందో ఆ రోజు నుంచి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

తెలుగులో ఎదురుగా ఒక మనిషి చెబితేనే ఎక్కుతుంది అనిపిస్తే లైవ్ కోర్సు తీసుకో, తప్పనను. కొంతమందికి అడగడానికి ఒక మనిషి ఉండాలి. కానీ ముందు రెండు డెమో క్లాసుల్లో కూర్చో. సార్‌ని, రెండు రౌటర్ల మధ్య ఓఎస్‌పీఎఫ్ నైబర్ రావడం లేదు, ఏం చూస్తారు అని అడుగు. స్క్రీన్ మీద చేసి చూపిస్తే మంచి గురువే. ఫీజు నెలనెలా కడతానను. ఉద్యోగం గ్యారంటీని కాగితం మీద రాసిమ్మను.

ఆ చీటీ డబ్బులు పరీక్ష కోసం దాచు. ఫీజు 300 డాలర్లు, పన్నుతో కలిపి మన డబ్బుల్లో 30 వేల దగ్గరకు వస్తుంది. తప్పితే మళ్లీ మొత్తం కట్టాలి. పరీక్ష 120 నిమిషాలు, ఒక ప్రశ్న దాటితే వెనక్కి రాలేం. సర్టిఫికెట్ గడువు మూడేళ్లు. అందుకని ముందు చదువు, తర్వాత తారీఖు.

తణుకు_నెట్:

నేను పశ్చిమ గోదావరిలో చిన్న ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ) నడుపుతున్నాను. ఖమ్మం అక్క గారు చెప్పినవన్నీ నిజం, ఒకటి కలుపుతాను. మీ ఆపరేటర్ దగ్గర మైక్రోటిక్ కంపెనీ రౌటర్లు ఉండే ఉంటాయి. సర్వర్ రూమ్‌లో పని చేసే అతనితో వారానికి ఒక సాయంత్రం కూర్చుంటానని మీ ఓనర్‌ని అడగండి. నా దగ్గర ఇద్దరు ఫీల్డ్ కుర్రాళ్లు అలా అడిగారు. ఒకరికి ఇప్పుడు ఓఎల్‌టీ (ఆఫీసు వైపు ఫైబర్ లైన్లు కలిసే పెట్టె) మీద వీలాన్లు, పీపీపీఓఈ సర్వర్ అన్నీ అప్పగించాను. మనిషి వెళ్లిపోతాడని నాకు భయం ఉండేది, కానీ అతను వచ్చాక రాత్రి ఫిర్యాదులు తగ్గాయి. మైక్రోటిక్ కమాండ్లు వేరు, సిస్కో వేరు. వీలాన్, రూటింగ్, నాట్ (ఇంటి అడ్రస్‌లను బయటి అడ్రస్‌గా మార్చడం) మాత్రం ఎక్కడైనా అవే.

కడియం_స్ప్లైసర్:

అందరికీ చాలా థాంక్స్. నిన్న డెమో క్లాస్‌లో కూర్చున్నాను. అక్క చెప్పినట్టే ఓఎస్‌పీఎఫ్ నైబర్ ప్రశ్న అడిగాను. అది అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో వస్తుంది అన్నారు. గ్యారంటీ రాసిమ్మంటే, మా దగ్గర అందరూ నమ్మకం మీదే చేరతారు అన్నారు. డబ్బు కట్టలేదు. మా ఆవిడకి ఈ జవాబులన్నీ చదివి వినిపించాను, చీటీ డబ్బులు పోస్టాఫీసులో వేస్తానంది.

ప్యాకెట్ ట్రేసర్ పెట్టుకున్నాను. ఫ్రీ కోర్సులో ఆరు పాఠాలు అయ్యాయి. ఓనర్‌ని అడిగితే బుధవారం సాయంత్రాలు సర్వర్ రూమ్‌లో కూర్చోమన్నారు. సబ్‌నెటింగ్ (అడ్రస్‌లను చిన్న నెట్‌వర్క్‌లుగా విడగొట్టడం) దగ్గర మాత్రం ఆగిపోయాను అక్కా. ముందుకు వెళ్లిపోయి తర్వాత చూసుకోవచ్చా?

ఖమ్మం_అక్క:

వద్దు తమ్ముడూ, అక్కడే ఉండు. దాన్ని వదిలేసి వెళ్తే రూటింగ్ అంతా గాల్లో ఉంటుంది. రోజుకి ఐదు లెక్కలు కాగితం మీద చెయ్యి. ఇప్పుడు ఒకటి ఇస్తున్నాను: 192.168.10.70 స్లాష్ 26. స్లాష్ 26 అంటే చివరి భాగంలో 64, 64 చొప్పున బ్లాకులు. 0, 64, 128, 192. మన 70 ఏ రెండింటి మధ్య ఉంది? 64కీ 128కీ మధ్య. అంటే నెట్‌వర్క్ 64, బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే అడ్రస్) 127, మధ్యలో కంప్యూటర్లకు ఇవ్వగలిగినవి 62. ఇదే అడ్రస్‌ని స్లాష్ 28తో చేసి రేపు ఇక్కడే రాయి, నేను చూస్తాను.